వెనక గదిలో బాస్ కుదిర్చిన డైరీ

మే నెల, మొదటి వారం: గది

ముందుగా గది కొలతలు రాసుకుంటున్నాను. ఈ గదిలో హోం థియేటర్ పెట్టి, దాని బాస్‌ను, అంటే అడుగు స్వరాల మోతను, కుదర్చాలి. ఆ పనంతా వీటిని బట్టే నడుస్తుంది. పొడవు 16 అడుగులు, వెడల్పు 11, ఎత్తు 10. నాలుగు వైపులా సిమెంటు పూసిన ఇటుక గోడలు, పైన కాంక్రీటు శ్లాబు, కింద నున్నటి విట్రిఫైడ్ టైల్స్. విజయవాడలో మేడ మీద వాటా మాది. కింది వాటాలో ఒక మామ్మగారు ఉంటారు.

హోం థియేటర్ గురించి ఇంగ్లీషులో దొరికే సలహాలు చాలావరకు అమెరికా ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అక్కడ గోడ అంటే చెక్క చట్రానికి బిగించిన జిప్సం బోర్డు. బాస్ తగిలితే అది కాస్త వంగి కొంత శక్తిని మింగేస్తుంది, కొంత అవతలి గదిలోకి వదిలేస్తుంది. మన ఇటుక గోడ వంగదు, తనమీద పడిన బాస్‌ను దాదాపు మొత్తం గదిలోకే తిప్పి కొడుతుంది. అందుకే మన గదుల్లో సబ్‌వూఫర్‌కు (బాస్ కోసమే ఉండే స్పీకర్ పెట్టె, క్లుప్తంగా సబ్) బలం చాలకపోవడం అరుదు. ఉన్న బలం ఒకచోట గుట్టలా పేరుకుపోయి, మరోచోట గుంటపడటమే అసలు చిక్కు. 15 అంగుళాల సబ్ ఒకటి కొనే డబ్బుతో 10 అంగుళాలవి రెండు తీసుకుని, వాటిని ఎక్కడ పెట్టాలన్నదాని మీదే శ్రమ పెట్టాలని తేల్చుకున్నాను. మొదట ఒకటి తెచ్చి కొలుస్తాను. కొలతలో అవసరం కనిపిస్తే రెండోది తెస్తాను.

పెట్టె విషయంలోనూ అదే ఆలోచన. నేను తీసుకున్నది మూసిన పెట్టె రకం. గొట్టం ఉన్న పెట్టె కింది స్వరాల్లో ఇంకాస్త గట్టిగా మోగుతుంది కానీ, దాని హద్దు దాటగానే నిట్టనిలువుగా పడిపోతుంది. మూసిన పెట్టె నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. అది తగ్గే చోట గట్టి గోడల చిన్న గది తనంతట తాను కొంత పెంచి ఇస్తుంది. ఒకటి తగ్గిస్తుంటే మరొకటి పెంచుతుంది కాబట్టి లెక్క సరిపోతుంది.

కాగితం మీద లెక్క

బావమరిది టేపు పట్టుకుని గది ఒక మూల నుంచి మరో మూలకు కొలుస్తూ, "బావా, పెట్టె తెచ్చి మూలన పెట్టి బటన్ నొక్కితే పోయేదానికి ఈ లెక్కలన్నీ ఎందుకు?" అన్నాడు. అతని కోసమే ఈ లెక్క ఇక్కడ రాస్తున్నాను.

ధ్వని వేగం 30 డిగ్రీల వేడిలో సెకనుకు సుమారు 349 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, దానితో ఈ వేగాన్ని భాగిస్తే ఆ రెండు గోడల మధ్య నిలబడిపోయే మొదటి స్వరం వస్తుంది. మా గది పొడవుకు అది 36 హెర్ట్జ్ (సెకనుకు 36 కంపనాలు), వెడల్పుకు 52, ఎత్తుకు 57. పొడవుకు రెండోది 72. ఈ స్వరాలు పలికినప్పుడు గది కూడా వాద్యంలా మోగుతుంది. సుమారు 200 హెర్ట్జ్ దాటాక ఇలాంటివి ఒకదానిమీద ఒకటి దట్టంగా పడి కలిసిపోతాయి, అక్కడి నుంచి స్పీకర్ అసలు గుణం వినిపిస్తుంది. ఆ లోపల మనం వినేది సబ్‌తో పాటు గదిని కూడా.

ఈ నాలుగు సంఖ్యల్లో 52 గురించి నాకు బెంగ లేదు. వెడల్పుకు సరిగ్గా మధ్యలో కూర్చునేవాడికి ఆ స్వరపు గుట్ట తగలదు. మిగతా మూడింటి సంగతి చూడాలి.

శనివారం: మైకు, మొదటి కొలత

కొలతకు మినీడీఎస్పీ వారి యూమిక్-1 మైకు తీసుకున్నాను. ఒక్కో మైకుకు దాని వరుస సంఖ్యను బట్టి విడిగా దిద్దుబాటు ఫైలు ఇస్తారు. అది ఎక్కించకుండా కొలిస్తే ఈ మైకు కొన్నందుకు ఫలితం ఉండదు. సాఫ్ట్‌వేర్ జాన్ మల్కాహీ రాసిన రూమ్ ఈక్యూ విజార్డ్, ఉచితంగానే దొరుకుతుంది. ఫోనులో శబ్దం కొలిచే యాప్‌లను బాస్ విషయంలో నమ్మను. మాటల కోసం చేసిన ఆ చిన్న మైకులు అడుగు స్వరాలను సరిగా పట్టవు.

మైకును స్టాండు మీద, కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో నిలబెట్టాను. ఫ్యాను, ఏసీ రెండూ ఆపాలి, లేకపోతే వాటి రొద గ్రాఫులో అడుగున పేరుకుంటుంది. మే నెల మధ్యాహ్నం మూసిన గదిలో చెమటలు కారుతుండగా 15 నుంచి 200 హెర్ట్జ్ దాకా స్వరం పైకి పాకుతుంటే, సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. ఆ కొలత కొట్టేసి మళ్లీ తీశాను.

ముందు అందరి ఇళ్లలో ఉండే అమరికనే కొలిచాను. సబ్ ముందు మూలన, సోఫా వెనక గోడకు ఆనించి. 36 దగ్గర చుట్టుపక్కల కన్నా 14 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) ఎత్తున గుట్ట, 72 దగ్గర 9 డెసిబెల్స్ ఎత్తున ఇంకొకటి. కాగితం మీద వేసిన లెక్క తెర మీద అలాగే నిలబడింది. చెవికి ఎలా ఉందంటే, డప్పు మీద ఒక దెబ్బ పడితే దాని వెనకే మోత సాగుతూ పోయి, తర్వాతి దెబ్బ పడేదాకా ఆగలేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండాల్సిన ఖాళీ పూడిపోయింది. చాలామంది దీన్నే "బాస్ బాగా వస్తోంది" అంటారు. నా దృష్టిలో ఇది బాస్ రావడం కాదు, వచ్చిన బాస్ పోకపోవడం.

ఆదివారం: సోఫా ముందుకు, కొత్త గుంట

సోఫాను వెనక గోడ నుంచి 6 అడుగులు ముందుకు జరిపాం. అంటే ముందు గోడకు 10 అడుగులు. గది సరిగ్గా మధ్యలో, 8 అడుగుల దగ్గర కూర్చుంటే 36 హెర్ట్జ్ దాదాపు మాయమైపోతుంది కాబట్టి ఆ గీత మీద కూర్చోకూడదు. సబ్‌ను మూల నుంచి తీసి ముందు గోడ మధ్యలో, టీవీ బల్ల పక్కన పెట్టాను.

36 గుట్ట బాగా తగ్గింది. కానీ 48 హెర్ట్జ్ దగ్గర 15 డెసిబెల్స్ లోతు గుంట తేలింది. నా జాబితాలో లేని సంఖ్య అది. కాసేపు ఆలోచిస్తే కారణం దొరికింది. వెనక గోడ 6 అడుగుల దూరంలో ఉంది. దానికి నాలుగు రెట్లు 24 అడుగులు, 48 హెర్ట్జ్ తరంగం పొడవు సరిగ్గా అంతే. మనల్ని దాటి వెళ్లిన తరంగం గోడకు తగిలి తిరిగొచ్చేసరికి సగం తరంగం వెనకబడి ఉంటుంది. ఎదురొచ్చే దాన్ని కొట్టేస్తుంది.

ఏ స్వరాన్ని ఎంత పెంచాలో, తగ్గించాలో సర్దే ఈక్వలైజర్‌తో దీన్ని పూడ్చవచ్చు కదా అనిపిస్తుంది. వీలుకాదు. 10 డెసిబెల్స్ పెంచాలంటే యాంప్లిఫయర్ పది రెట్ల శక్తి ఇవ్వాలి. అంత ఇచ్చినా తిరిగొచ్చే తరంగం కూడా అంతే పెరిగి మళ్లీ కొట్టేస్తుంది. సబ్ కోను, అంటే ముందుకూ వెనక్కూ కదిలి గాలిని నెట్టే గిన్నెలాంటి భాగం, మాత్రం ఊరికే అలసిపోతుంది. గుట్టను కోయవచ్చు గానీ గుంటను ఈక్వలైజర్ పూడ్చలేదు. ఈ పని మొత్తంలో నేను గట్టిగా పట్టుకున్న సూత్రం ఇదొక్కటే.

సబ్‌ను ముందు సగంలో ఎక్కడెక్కడికో మార్చి చూశాం. టీవీకి అటూ ఇటూ, పక్క గోడ మధ్యలో, కిటికీ కింద. మిగతా గీత మారింది గానీ 48 గుంట కదల్లేదు. కదలదు కూడా, ఎందుకంటే అది సీటుకూ వెనక గోడకూ మధ్య వ్యవహారం.

తర్వాతి శనివారం: రెండో సబ్

రెండోది వచ్చింది. దీన్ని వెనక గోడ మధ్యలో, సోఫా వెనక పెట్టాను. ఈ చోటు నా సొంత ఊహ కాదు. హర్మాన్ సంస్థ పరిశోధకుడు టాడ్ వెల్టి 2002లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో సమర్పించిన పత్రంలో, దీర్ఘచతురస్రపు గదిలో ఎన్ని సబ్‌లు, ఎక్కడ పెడితే సీట్ల మధ్య తేడా తగ్గుతుందో లెక్కగట్టాడు. నాలుగు గోడల మధ్యల్లో నాలుగు పెడితే మంచిది, ఎదురెదురు గోడల మధ్యల్లో రెండు పెట్టినా దానికి దగ్గరగా వస్తుందన్నది అందులోని సారం.

స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్‌లో సబ్ కోసం ఉన్న ఒకే రంధ్రం నుంచి రెండుగా చీలే తీగ వేశాను. రెండు సబ్‌లూ ఒకే క్షణంలో ఒకేలా కదలడమే ఇక్కడ కీలకం. పొడవులో 36 హెర్ట్జ్ మోగేటప్పుడు గది ఒక కొసన గాలి నొక్కుకుంటే మరో కొసన పల్చబడుతుంది. రెండు కొసల్లోనూ ఒకేసారి నొక్కితే ఆ ఊగిసలాట మొదలే కాదు. విడివిడిగా ఆలస్యాలు పెడితే ఈ జంట కుదురు చెడుతుంది. శబ్దం సమానంగా ఉండటానికి ఒక్కో సబ్ కోను ముందు ఒకే దూరంలో మైకు పెట్టి, వెనక ఉన్న, శబ్దం పెంచి తగ్గించే బిరడాలను సరిచేశాను.

మళ్లీ కొలిచాను. గీత తెర మీద గీసుకుంటూ పోతుంటే 36 గుట్ట లేదు, 48 గుంట లేదు. 72 దగ్గర ఒక గుట్ట, 57 దగ్గర చిన్న ఉబ్బు మిగిలాయి. ఆ రెండూ కోయగలిగినవే. గోడకు ఒక్క మేకు కొట్టకుండా, ఈక్వలైజర్ ముట్టకుండా, పెట్టెలు పెట్టిన చోటు వల్లే ఇంత మార్పు వచ్చింది. బావమరిది పాత గీతను, కొత్త గీతను ఒకదానిమీద ఒకటి వేయించుకుని చూసి, "మూలన పెట్టి బటన్ నొక్కితే సరిపోయేది కాదన్నమాట" అని ఒప్పుకున్నాడు. ఆ రెండు గీతల చిత్రం నా ఫోనులో దాచుకున్నాను.

హమ్ శబ్దం

వెనక సబ్ పెట్టినప్పటి నుంచి సన్నగా హుమ్‌మని ఒక మోత. మన కరెంటు 50 హెర్ట్జ్, మైకు కూడా అక్కడే, దాని రెట్టింపు 100 దగ్గర చూపించింది. వెనక సబ్ వేరే గోడ ప్లగ్గులో ఉంది, ముందున్న పరికరాలు వేరే ప్లగ్గులో. రెండు చోట్ల ఎర్త్ మధ్య తేడా, వాటిని కలిపే పొడవాటి సిగ్నల్ తీగ. మూడు పిన్నుల మంచి ఎక్స్‌టెన్షన్ తీగ లాగి అన్నిటికీ ఒకే ప్లగ్గు నుంచి కరెంటు ఇచ్చాను, మోత చాలావరకు పోయింది. మిగిలిన కాస్త, కేబుల్ టీవీ తీగను సెట్‌టాప్ బాక్సు నుంచి పీకగానే ఆగిపోయింది. ఆ తీగ తన ఎర్త్‌ను వేరే చోటి నుంచి మోసుకొస్తోంది. దానికి మధ్యలో విడదీసే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ బిగించాను.

ఒక్క మాట తప్పక చెప్పాలి. హమ్ పోవాలని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయమని కొందరు చెబుతారు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ పని చేయకండి. ఆ పిన్ను మనిషి ప్రాణం కోసం ఉంది.

అదుర్లు

బాస్ శుభ్రమయ్యేకొద్దీ ఇంట్లో ఏవేవి వణుకుతున్నాయో బయటపడింది. ఇందుకు ఒకే స్వరాన్ని నెమ్మదిగా 20 నుంచి 100 దాకా పాకించి, ఒకరు గదిలో, ఒకరు పక్క గదుల్లో తిరుగుతూ వినాలి. పక్క గదిలో ఇనప బీరువా పిడి 42 దగ్గర టకటకలాడింది. చేయి పెట్టి పట్టుకుంటే ఆగింది, వదిలితే మళ్లీ మొదలు. పిడి వెనక ఫెల్టు ముక్క అంటించాను. అటక మీది స్టీలు సామాను మధ్య పాత తువ్వాళ్లు పెట్టాం. కిటికీ అద్దం ఒకటి చట్రంలో వదులుగా ఉంది, దానికి రబ్బరు పట్టీ వేయించాను. వీటిలో ఏదైనా మిగిలిపోతే మనకు తెలియకుండానే ఆ చప్పుడును సబ్ మీద వేసి, సబ్ బాగాలేదంటాం.

ఆ సాయంత్రం మామ్మగారు మెట్లెక్కి వచ్చారు. "బాబూ, మధ్యాహ్నం మా అద్దాల బీరువాలో గ్లాసులు ఘల్లుఘల్లుమన్నాయి. భూకంపమేమో అని బయటికొచ్చి చూశాను" అన్నారు. ఏం చేస్తున్నానో చెప్పాను. "పరీక్షలైతే పగలు చేసుకో నాయనా, రాత్రిపూట మాత్రం వద్దు" అన్నారు. రెండు సబ్‌ల కిందా మందపాటి రబ్బరు దిమ్మలు వేశాను. అవి పెట్టె నుంచి నేరుగా నేలలోకి దిగే అదురును తగ్గిస్తాయి గానీ, గాలిలోంచి శ్లాబుకు తగిలే బాస్‌ను ఆపలేవు. కింది ఇంటికి అసలు మేలు చేసింది గుట్టలు తగ్గడమే. మనకు చాలినంత వినిపించేలా పెట్టుకున్నప్పుడు ఒక స్వరం 14 డెసిబెల్స్ ఎక్కువ కొట్టడం లేదు కాబట్టి, శ్లాబుకు తగిలే దెబ్బా తగ్గింది.

స్పీకర్లు, క్రాసోవర్

ముందు స్పీకర్లు కూర్చునే చోటి నుంచి అటు 30, ఇటు 30 డిగ్రీల్లో ఉండాలన్నది ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) ప్రమాణం. మా గది వెడల్పు 11 అడుగులే, అంత కోణంలో పెడితే పక్క గోడలకు ఆనుకుంటాయి. నడి గీత నుంచి అటూ ఇటూ 4 అడుగుల దగ్గర, సుమారు 25 డిగ్రీల్లో ఆపాను. వెనక స్పీకర్లు 110 డిగ్రీల దగ్గర కుదిరాయి.

మధ్య స్పీకర్ మీద ఎక్కువ సమయం పెట్టాను. మన సినిమాల్లో నేపథ్య సంగీతం జోరుగా ఉన్నప్పుడు మాట మునిగిపోతోందని ఇంట్లో అందరిదీ ఒకటే ఫిర్యాదు. ఆ స్పీకర్ టీవీ బల్ల అర లోపలికి ఉంది. అర గోడలు దాని మాటకు తమ గూడు మోతను కలుపుతున్నాయి. దాన్ని బల్ల అంచు దాకా లాగి, ముందువైపు కింద రబ్బరు ముక్కలు వేసి, ముఖం చెవుల వైపు ఎత్తాను. మాట పెదవుల నుంచే వస్తున్నట్టు తేలింది. ఇందుకు అయిన ఖర్చు రెండు రబ్బరు ముక్కలు.

రిసీవర్ తనంతట తాను చేసుకునే కొలతను ఇప్పుడు నడిపించాను. స్థానాలు కుదరకముందు దాన్ని నడిపితే చెడ్డ స్థానానికి సర్దుకుంటుంది. అది సబ్ దూరాన్ని టేపు చూపినదానికన్నా ఎక్కువగా రాసుకుంది. సబ్ లోపలి ఎలక్ట్రానిక్స్ వల్ల శబ్దం కాస్త ఆలస్యంగా బయలుదేరుతుంది, ఆ ఆలస్యాన్ని దూరంగా లెక్కగట్టింది, కాబట్టి ఆ సంఖ్యను టేపుకు తగ్గట్టు మార్చనక్కర్లేదు. ముందు స్పీకర్లను మాత్రం "పెద్దవి", అంటే బాస్ కూడా అవే మోయగలవని నిర్ణయించింది. ఐదుంపావు అంగుళాల కోనులవి. "చిన్నవి"గా మార్చి క్రాసోవర్ 80 హెర్ట్జ్‌కు పెట్టాను. దానికి పైన స్పీకర్లు, కింద సబ్‌లు.

రెండూ కలిసే ఆ 80 దగ్గర ఒకదానికొకటి సాయం చేస్తున్నాయా, అడ్డుపడుతున్నాయా అన్నది చూడాలి. మధ్య స్పీకర్, సబ్‌లు కలిపి కొలిస్తే 85 దగ్గర 7 డెసిబెల్స్ పల్లం. రిసీవర్‌లో సబ్ దూరాన్ని ఒక్కో అడుగు మారుస్తూ, ప్రతిసారీ కొలుస్తూ పోయాను. 3 అడుగులు పెంచినచోట పల్లం పూడింది. ఇది రెండు సబ్‌లకూ కలిపి ఒకేసారి జరిగే మార్పు కాబట్టి వాటి మధ్య జత చెడలేదు. ఇది గోడ చేసిన గుంట కాదు, కాలం తేడా వల్ల వచ్చింది, అందుకే సర్దుబాటుకు లొంగింది.

తర్వాత ఈక్వలైజర్. 72 దగ్గర 6 డెసిబెల్స్, 57 దగ్గర 3 డెసిబెల్స్ కోత. ఎక్కడా పెంపు లేదు. గుట్టను కోసేసరికి ఆ స్వరం సాగడం కూడా తగ్గింది. కాలంతో పాటు శబ్దం ఎలా ఆరుతుందో చూపే గ్రాఫులో 72 దగ్గరి తోక పొట్టిదైంది. డప్పు మళ్లీ పెట్టి విన్నాను. దెబ్బ పడుతోంది, ఆగుతోంది, మధ్యలో చర్మం మీద వేళ్లు రాసుకున్న సవ్వడి కూడా వినిపిస్తోంది.

టైల్స్, గోడల పని

చప్పట్లు కొడితే పక్క గోడల మధ్య టరటరమని ప్రతిధ్వని పలికేది. సోఫా ముందు ఏలూరు తివాచీ పరిచాను. శబ్దం మొదట తగిలి మన వైపు తిరిగే చోట్లను, గోడ వెంట అద్దం జరుపుతూ గుర్తించాం. సోఫాలో కూర్చున్నవారికి ఏ చోట అద్దంలో స్పీకర్ కనిపిస్తే అదే ఆ చోటు. అక్కడ వడ్రంగితో 4 అంగుళాల లోతు చట్రాలు చేయించి, రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన పీచు) నింపి, గుడ్డ బిగించాం. దీంతో మాటలు తేటపడ్డాయి. ఇవి బాస్‌ను తగ్గిస్తాయని ఎవరైనా అంటే నమ్మకండి. 36 హెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతే దాదాపు 8 అడుగులు, 4 అంగుళాల పీచు దాన్ని ఏమీ చేయలేదు.

జూన్ మొదట్లో: స్థాయిలు

అన్ని స్పీకర్లనూ రిసీవర్ పరీక్ష శబ్దంతో 75 డెసిబెల్స్‌కు సరిచేశాను. సినిమా మిక్సింగ్ ప్రమాణంలో మామూలు స్పీకర్ల గరిష్ఠ స్థాయి 105, బాస్ ప్రత్యేక చానల్‌ది 115 డెసిబెల్స్. ఇంట్లో ఎవరూ అంత పెట్టరు, మేం 20 డెసిబెల్స్ తక్కువలో చూస్తాం. శబ్దం తగ్గినప్పుడు చెవికి బాస్ మిగతా స్వరాల కన్నా ఎక్కువగా తగ్గినట్టు తోస్తుంది. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపారు. అందుకని సబ్‌లను 4 డెసిబెల్స్ పైకి పెట్టాను. గీత సమంగా ఉన్నప్పుడు ఈ పెంపు హాయిగా ఉంటుంది. గుట్టలున్న గదిలో ఇదే పెంపు తలనొప్పి తెప్పిస్తుంది.

తలుపు తెరిచి, మూసి కొలిస్తే 30 హెర్ట్జ్ కింద స్పష్టమైన తేడా కనిపించింది. మూసిన గదిలోనే గాలి ఒత్తిడి నిలుస్తుంది. అందుకే సినిమా చూసేటప్పుడు తలుపు మూస్తున్నాం, ఏసీ వేస్తున్నాం.

ఇప్పటి సంఖ్యలన్నీ కాగితం మీద రాసి రిసీవర్ బల్ల లోపల అంటించాను: క్రాసోవర్ 80, సబ్ దూరం రిసీవర్ చెప్పినదానికి 3 అడుగులు ఎక్కువ, కోతలు 57, 72 దగ్గర, సబ్ స్థాయి 4 పైకి. రాత్రి పది దాటాక సబ్ స్థాయి 6 డెసిబెల్స్ కిందికి. మామ్మగారిని అడిగితే గ్లాసులు ఇప్పుడు కదలడం లేదన్నారు. సోఫా పక్కన కుర్చీలో కూర్చునేవారికి 52 హెర్ట్జ్ కాస్త ఎక్కువగా తగులుతోంది. కుర్చీ నడి గీతకు దూరం కాబట్టి అది సహజమే. దాన్ని వచ్చేవారం ఒక అడుగు లోపలికి జరిపి కొలవాలి.